హెన్లీలో పరుగు, సైకిలు, కాశీరాజు బావి

థేమ్స్ నది ఒడ్డున ఉన్న హెన్లీ పట్టణానికి పరుగు, సైకిలు సాధన కోసం వెళ్ళదలచినవారు గది అందచందాల కంటే ముందు, రాత్రిపూట సైకిలు ఎక్కడ పెట్టనిస్తారో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. మే నెలలో నేనూ మా బావా రెండు రాత్రులకు 236 పౌండ్లు ముందుగానే చెల్లించి ఒక బసలో దిగాము. సైకిళ్ళకు తాళం వేసే షెడ్డు ఉందని ప్రకటనలో స్పష్టంగా రాసి ఉంది. తీరా చేరాక, షెడ్డు నిండా పాత సామాను ఉందనీ, సైకిళ్ళను పెరటి కంచెకు కట్టుకోవచ్చుననీ, అందుకు ఒక్కోదానికి రాత్రికి 10 పౌండ్లు వేరుగా ఇవ్వాలనీ యజమాని చెప్పాడు. ఫోనులో ప్రకటన తీసి చూపిస్తే అది పాతదన్నాడు. ఇష్టం లేకపోతే వెళ్ళిపోవచ్చు గానీ కట్టిన డబ్బు తిరిగి రాదన్నాడు.

బావ తన సైకిలు కొని అప్పటికి నెల కూడా కాలేదు. రాత్రి వాన మొదలవగానే లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. "నువ్వు పడుకో, నాకు నిద్ర పట్టదు" అన్నాడు. తెల్లవారి చూస్తే గొలుసు మీద సన్నగా ఎర్రటి తుప్పు తేలింది. ఒక్కో లంకెనూ తన తువ్వాలుతో తుడుస్తున్నంతసేపూ ఆయన నాతో మాట్లాడలేదు. ఆరున్నరకు పెడతామన్న ఫలహారం ఎనిమిదిన్నర దాకా లేదని తెలిసి, చెరో రెండు అరటిపళ్ళు తిని పరుగుకు బయలుదేరాము.

నది మాత్రం మమ్మల్ని మోసం చేయలేదు. 1786లో కట్టిన అయిదు కమానుల రాతి వంతెన దాటి, అవతలి ఒడ్డున, నదిలోని టెంపుల్ ద్వీపం పక్కగా హాంబుల్డెన్ లాకు దాకా వెళ్ళి వస్తే దాదాపు ఏడు కిలోమీటర్లు. దారంతా చదును కాబట్టి ఒకే వేగం నిలబెట్టే సాధనకు ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. అయితే అది నడిచేవారి బాట, అక్కడ సైకిలు తొక్కకూడదు. జూలై మొదట్లో, 1839 నుంచి జరుగుతున్న పడవ పందేల వారంలో, జనం ఒడ్డంతా నిండిపోతారు కనుక ఆ రోజుల్లో పరుగు కోసం వెళ్ళవద్దు.

సైకిలుకు చిల్టర్న్ కొండలే సరైనవి. పట్టణం నుంచి రాదర్‌ఫీల్డ్ గ్రేస్, హైమోర్ మీదుగా బీచ్ అనే జాతి చెట్ల నీడలో ఎక్కుతూ స్టోక్ రో అనే పల్లెకు చేరాము. అక్కడ రోడ్డు పక్కనే చిన్న గుమ్మటం, దాని కింద ఇనుప గిలక యంత్రం, ఆ యంత్రం మీద బంగారు రంగు ఏనుగు కనిపించాయి. 1864లో కాశీరాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్ ఈ ఊరికి ఇచ్చిన బావి అది. ఇక్కడిది సుద్దరాయి నేల. వాన నీరు నిలవక లోలోపలికి ఇంకిపోతుంది కాబట్టి కొండ మీది పల్లెలు నీటికి అల్లాడేవి. ఈ ప్రాంతం నుంచి వచ్చి కాశీ వైపు అధికారిగా పనిచేసిన ఎడ్వర్డ్ రీడ్, ఇంట్లో మిగిలిన కాస్త నీళ్ళూ తాగేసినందుకు ఒక పిల్లవాడిని తల్లి కొట్టిన సంగతి రాజుకు చెప్పాడట. నాలుగడుగుల వెడల్పున, చేతులతోనే 368 అడుగుల లోతుకు తవ్వారు. మా ఊరి చేలో నలభై అడుగుల బావి తవ్వడానికి మనుషులు పడిన పాట్లు చూసినవాణ్ణి కనుక ఆ లెక్క చదివి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

పొద్దుటి నుంచీ ముభావంగా ఉన్న బావ మొదటిసారి నోరు విప్పాడు. "కాశీ వెళ్ళివచ్చినప్పటి నుంచీ అత్తయ్య ఆ ఊరి మాటే చెబుతోంది కదా, ఆవిడకు ఇది చూపించాలి" అన్నాడు.

సాయంత్రం బసకు రాగానే రెండో రాత్రికి మరో 20 పౌండ్లు అడిగి తీసుకున్నారు. రసీదు అడిగితే ఇవ్వలేదు. ఆగస్టులో అమ్మ వచ్చినప్పుడు లండన్‌లోని ప్యాడింగ్టన్ స్టేషనులో పొద్దున్నే బయలుదేరి, ట్వైఫోర్డ్‌లో రైలు మారి హెన్లీ చేరి, అక్కడి నుంచి టాక్సీలో ఆవిడను బావి దగ్గరికి తీసుకువెళ్ళి, చీకటి పడేలోగా ఇంటికి తిరిగి వచ్చేయాలని నిర్ణయించుకున్నాము.