కార్డు పోయినా కన్సోల్ పోలేదు

ఆర్‌కే3326 చిప్‌తో, లినక్స్‌తో వచ్చే పాత వీడియో గేములు ఆడుకునే ఈ చవక చేతి కన్సోల్ స్పెక్స్ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా. దీని ప్రాణమంతా మెమరీ కార్డులో ఉంది. చాలాకాలం వాడాక నేను తిట్టుకున్నా, మెచ్చుకున్నా అందుకే.

నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో కాంట్రా ఆడుకుంటూ వెళ్లేవాణ్ణి. ఓరోజు అమీర్‌పేట దాటాక ఆట బిగుసుకుపోయింది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే లోగో దగ్గరే ఆగింది. ఆన్‌లైన్‌లో అమ్మినాయనకు మెసేజ్ పెడితే ‘రీస్టార్ట్ చేయండి సార్’ అన్నాడు, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. కోఠి గుజరాతీ గల్లీలో రిపేర్ కుర్రాడికి చూపిస్తే, ‘బోర్డు బాగానే ఉందన్నా, కార్డే పోయింది’ అన్నాడు. పెట్టెతో పాటు వచ్చే కార్డులు నాసిరకంవే ఉంటాయట.

మంచి కార్డు కొని, కన్సోల్‌ను నడిపే ఆర్క్ ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా దించుకుని అందులోకి ఎక్కించాను. ఆన్ చేస్తే మెనూ చప్పుళ్లు వినిపిస్తున్నాయి, తెర మాత్రం నల్లగానే ఉంది! ఒకే మోడల్ పేరుతో రకరకాల తెరలు బిగించి అమ్ముతారు, తెర వివరాలు సాఫ్ట్‌వేర్‌కు చెప్పేది డీటీబీ అనే ఫైలు, ఏ తెరకు ఆ ఫైలే పడాలి. నా అదృష్టం, పాత కార్డులో బూట్ భాగం (ఆన్ చేయగానే ముందు చదివే ఫైళ్లుండే చోటు) ఇంకా తెరుచుకుంటోంది. అక్కడి ఫైలు కాపీ చేయగానే తెర వెలిగింది. గేములు, సేవ్‌లు రెండో స్లాట్ కార్డులో ఉండటంతో ఆగిన చోటి నుంచే ఆడుకున్నాను.

2013లో 99 డాలర్లకు వచ్చిన ఊయా అనే గేమ్ పెట్టెను కూడా ఓపెన్ కన్సోల్ అనే అమ్మారు. 2019లో సర్వర్లు ఆపేశాక, కొన్న గేములు మళ్లీ దించుకునే దారే పోయింది. నా చేతి కన్సోల్‌లో అంతా కార్డుల్లోనే ఉంటుంది కాబట్టి ఆ టెన్షన్ లేదు.

కొత్తలో బ్యాటరీని మాత్రం తెగ పొగిడాను. ఇప్పుడు రానూపోనూ ఆడితే ఇల్లు చేరకముందే చార్జ్ అయిపోతోంది. పైగా రెండు చివర్లా టైప్-సీ ఉన్న కేబుల్ పెడితే చార్జ్ కాదు, పాత రకం కేబుల్ మోసుకు తిరగాలి. నింటెండో 64 గేములు కొన్ని ఈడుస్తూ నడుస్తాయి.

కొత్త మోడల్ కొందామా అని మా బావమరిది అడిగితే వద్దన్నాను. ఫోన్‌లో యాప్ అప్‌డేట్‌కి కూడా నన్నే పిలుస్తాడు, ఈ డీటీబీ గోల వాడికెందుకు? నాకైతే ఆ కుస్తీ సరదానే. కాకపోతే ఇప్పుడు ఆఫీసుకు వెళ్లేది తగ్గింది, మెట్రో ఎక్కేదీ తగ్గింది. మళ్లీ రోజూ వెళ్లాల్సి వస్తే కొంటానేమో, కార్డు ఖర్చు కూడా కలుపుకుని.