ఏటికొప్పాక లక్కపిడతలు: నాలుగేళ్ల పాప చేతిలో ఎనిమిది నెలలు

కిందటి మే నెలలో విశాఖపట్నం నుంచి తుని వెళుతూ, అడ్డరోడ్డు దగ్గర జాతీయ రహదారి వదిలి ఏటికొప్పాక ఊళ్లోకి మళ్లి, ఒక కళాకారుడి ఇంటి ముందున్న దుకాణంలో లక్కపిడతల (లక్క పూసిన చిట్టి కర్ర వంటసామాను) బుట్ట ఒకటి, వేళ్లతో తిప్పే బొంగరాలు నాలుగు, చంటివాడికి ఒక గిలక్కాయ కొన్నాము. బుట్టలో 24 వస్తువులున్నాయి. దానికి 750 రూపాయలు, బొంగరాలకూ గిలక్కాయకూ కలిపి మరో 260 రూపాయలు అయ్యాయి. అప్పటికి మా చిన్నికి నాలుగేళ్లు నిండి నెల కాలేదు, బాబుకు ఆరు నెలలు. ఈ ఎనిమిది నెలల్లో ఆ బొమ్మలు ఒక్క వారమైనా అటక ఎక్కలేదు కాబట్టి, పిల్లల చేతిలో అవి ఎంతవరకు నిలిచాయో, ఎక్కడ ఇబ్బంది పెట్టాయో కొనాలనుకునే తల్లిదండ్రులకు వివరంగా చెప్పగలను.

ఈ ఆలోచన మా అమ్మది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతో కదిలి వస్తుంటే, టీవీ ముందు కూర్చున్న అమ్మ తన చిన్నతనంలో గుజ్జనగూళ్లు ఆడుకున్న లక్కపిడతలను తలుచుకుని, మనవరాలికి అలాంటివే కొనాలని పట్టుబట్టింది. ఆ వారంలోనే నేను ఒక ఆన్‌లైన్ దుకాణంలో ఆ ఊరి పేరుతో అమ్ముతున్న సెట్టు తెప్పించాను. పెట్టె తెరవగానే పెయింటు వాసన గుప్పుమంది. పది రోజులు తిరగకముందే గిన్నెల అంచుల దగ్గర ఎర్ర రంగు పెచ్చులుగా లేచింది. చిన్ని కింది పెదవికి ఒక పెచ్చు అంటుకుని కనిపించిన రోజు ఆ సెట్టు మొత్తం తీసేశాను. అందుకే రెండోసారి, తయారయ్యే చోటికే వెళ్లి కళ్లారా చూసి కొనాలని నిశ్చయించుకున్నాము.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువని ఇచ్చే జీఐ ట్యాగ్) వచ్చింది. మేము వెళ్లిన ఇంటి వసారాలో ఒకాయన లేత్ మిషన్ మీద అంకుడు కర్ర ముక్కను బిగించి, ఉలి ఆనించి బొంగరం ఆకారం తీస్తున్నారు. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉంటుంది కనుక పగలకుండా ఎంత చిన్న వస్తువుకైనా ఒదుగుతుంది. ఆకారం కుదిరాక, రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఒత్తిపట్టారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంది. ఆ పైన ఎండిన మొగలి ఆకుతో అదిమి రుద్దేసరికి అద్దంలాంటి నునుపు వచ్చింది. కుంచె అన్న మాటే లేదు. పసుపు, జాఫ్రా గింజలు, నీలి, కరక్కాయ, లక్క వంటివాటి నుంచి తీసిన సహజమైన రంగులనే వాడతామని ఆయన చెప్పారు. రసాయన రంగుల వైపు వెళ్లిపోయిన ఈ పనిని మళ్లీ సహజ రంగుల దారికి తేవడానికి దశాబ్దాలుగా కృషి చేసిన సి.వి. రాజు గారు ఈ ఊరివారే. 2023లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

బుట్ట మీద ఐఎస్ఐ ముద్ర లేకపోవడం చూసి మొదట నేను కొంత వెనుకాడాను. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఆ ముద్ర తప్పనిసరి అయినా, హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికీ, భౌగోళిక గుర్తింపును వాడుకునే హక్కుతో నమోదైనవారు తయారుచేసేవాటికీ మినహాయింపు ఉంది. చేతిపని బతకడానికి ఈ మినహాయింపు అవసరమే. అయితే దీనివల్ల పరీక్షించే బాధ్యత కొనేవారి మీద పడుతుంది. నేను చేసుకున్న పరీక్ష చాలా సులువైనది. వస్తువును ముక్కు దగ్గర పెట్టుకుంటే పెయింటు వాసన రాకూడదు, వెలుతురులో తిప్పి చూస్తే కుంచె గీతలు కనిపించకూడదు, తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే రంగు అంటకూడదు. ఏ రంగు వాడారని అడిగితే విసుక్కోకుండా కడ్డీ తెచ్చి చూపించేవారి దగ్గర కొనడం అన్నిటికన్నా మేలు.

బుట్టలో పొయ్యి, రోలు, రోకలి, తిరగలి, కవ్వం, బిందె, చెంబు, మూతలున్న గిన్నెలు అయిదు, గరిటెలు, పీట, కుంకుమ భరిణెలాంటివి ఉన్నాయి. చిన్ని మొదటి రోజు వాటన్నిటినీ వరుసలో పెట్టి, ఒక్కొక్కదాని పేరు అమ్మమ్మను అడిగింది. మా వంటింట్లో తిరగలి లేదు, కవ్వం లేదు, కుంపటి లేదు. మిక్సీ, గ్యాస్ పొయ్యి తప్ప మరొకటి తెలియని పిల్లకు ఆ పేర్లు చెప్పి ఊరుకోకుండా, ఏది దేనికి వాడేవారో అమ్మ కూర్చుని చేసి చూపించింది. తిరగలి పై రాతికి ఉన్న కన్నంలో చిన్ని బియ్యపు గింజలు పోసి ఎంత తిప్పినా అవి నలగక పక్కల నుంచి జారిపోయేవి. తరువాత ఉప్మారవ్వ పోసింది, అదీ అలాగే బయటికి వచ్చింది. చివరికి సుద్దముక్కను నేలకేసి కొట్టి, ఆ పొడిని పోసి తిప్పి, కింద రాలినదాన్ని “పిండి వచ్చింది అమ్మమ్మా” అని అరచేతిలో పట్టుకుని పరుగెత్తింది. ఇలా ఒకటి కాకపోతే మరొకటి పోసి చూడాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

మూతల వల్ల జరిగిన చదువు ఇంకా ఎక్కువ. అయిదు గిన్నెలకు అయిదు మూతలు. చూపుకు దాదాపు ఒకేలా ఉన్నా ఏ గిన్నె మూత ఆ గిన్నెకే సరిపోతుంది. మొదటి నెలలో పెద్ద మూతను చిన్న గిన్నె మీద పెట్టి, అది జారితే కోపం తెచ్చుకుని విసిరేసేది. రెండో నెలకల్లా మూతను గిన్నె పక్కన నిలబెట్టి, వెడల్పు చూసుకుని, తరువాతే పెట్టడం మొదలుపెట్టింది. పలకలాంటి తెర మీద వేలితో లాగి అతికించే ఆటలు మా ఇంట్లోనూ ఉన్నాయి. వాటిలో తప్పు జరిగితే ఒక శబ్దం వస్తుంది, ఆ వెంటనే సరైన జవాబు కూడా కనిపిస్తుంది. ఇక్కడ మూత సరిపోతే చేతికి తెలుస్తుంది, సరిపోకపోయినా చేతికే తెలుస్తుంది. ఈ వయసు పిల్లలకు తెర కన్నా ఇలా చేతికి తెలియడమే ఎక్కువ మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బొంగరాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వాటి మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చారలు చుట్టూ వలయాలుగా ఉన్నాయి. బొంగరం వేగంగా తిరుగుతుంటే ఆ వలయాలు కదలకుండా నిలబడినట్టే కనిపిస్తాయి. “ఇది తిరగట్లేదు, నిద్రపోయింది” అని చిన్ని ఒకరోజు నన్ను పిలిచింది. దాని మీద నేను పెన్సిలుతో ఒక చుక్క పెట్టి తిప్పితే ఆ చుక్క కాస్తా మాయమై సన్నని వలయమయింది. అక్కడితో నా పాఠం ముగిసిందనుకున్నాను. మరునాడు మధ్యాహ్నం పిల్ల ఉన్న గదిలోంచి అలికిడి లేకపోతే అనుమానం వచ్చి వెళ్లి చూశాను. గచ్చు మీద బోర్లా పడుకుని, ఎడమచేత్తో బొంగరం తిప్పుతూ, తిరుగుతున్న బొంగరానికి కుడిచేతిలోని నీలం క్రేయాన్ ఆనిస్తోంది. క్రేయాన్ తగలగానే బొంగరం ఒరిగి పడిపోతోంది. మళ్లీ తిప్పి మళ్లీ ఆనిస్తోంది. గచ్చంతా నీలం గీతలు. ఎన్నోసారికో తేలికగా ఆనించడం చేతికి వచ్చి, బొంగరం పడేలోపు దాని పొట్ట చుట్టూ సగం వలయం పడింది. “ఆ తాత ఇలాగే వేశారు కదా” అంది. ఏటికొప్పాక వసారాలో లక్క కడ్డీ పట్టుకున్న చేతిని ఆ పిల్ల చూసి అప్పటికి రెండు నెలలు దాటింది. గచ్చు తుడవడానికి నాకు అరగంట పట్టినా, ఆ పూట కోప్పడడానికి నాకు మనసు రాలేదు.

అల్లరి కూడా ఈ పిడతలతోనే కొత్త దారులు పట్టింది. అమ్మమ్మ బీపీ మాత్ర బిందెలో దాగింది, నా చెవిదుద్దు భరిణెలో మూడు రోజులు ఉండి బయటపడింది, పక్కింటి ఆంటీకి చెంబులో ఇచ్చిన “టీ” నిజంగా ఉప్పునీళ్లు. మాత్ర విషయంలో మాత్రం మేము నవ్వి ఊరుకోలేదు. ఆ రోజు నుంచి మందుల పెట్టె అలమర పై అరకు మారింది. మూత ఉన్న ప్రతి వస్తువూ నాలుగేళ్ల పిల్లకు దాచుకునే చోటే కాబట్టి, పడుకోబోయే ముందు పిడతలన్నీ ఒకసారి తెరిచి చూసుకోవడం మాకు అలవాటైంది.

ఇక లోపాలు. లక్క వేడికి ఆగదు. ఆగస్టులో ఒక ఉదయం నేను దోసెలు వేసి పొయ్యి ఆర్పి అటు తిరిగేలోపు, చిన్ని పీట ఎక్కి, “నాదీ ఉడకాలి” అంటూ తన ఎర్ర చెంబును వేడి పెనం మీద పెట్టింది. అదృష్టవశాత్తూ చెయ్యి కాలలేదు. చెంబు అడుగున లక్క మెత్తబడి పెనానికి అంటుకుని, లాగితే తీగలా సాగి, చెంబు అడుగున తెల్ల కర్ర బయటపడింది. ఎండాకాలంలో కారు వెనక అద్దం దగ్గర వదిలేసినా లక్క జిగురెక్కే ప్రమాదం ఉందని తరువాత ఆ కళాకారుడు చెప్పారు. కొనేటప్పుడే ఈ మాట చెప్పి ఉంటే, లేదా బుట్టలో తెలుగులో ఒక చీటీ పెట్టి ఉంటే ఎంతో బాగుండేది. నీటి విషయంలోనూ జాగ్రత్త కావాలి. గిన్నెల లోపలి భాగానికి లక్క పూత లేదు, ఉత్త కర్రే. వానాకాలంలో రెండు మూతలు ఉబ్బి బిగుసుకుపోయాయి; బలవంతంగా లాగకుండా రెండు రోజులు గాలికి ఆరబెట్టాక వాటంతట అవే వదులయ్యాయి. కవ్వం పుల్ల మూడో నెలలోనే విరిగింది. అది మరీ సన్నగా చేశారు.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక చంటిపిల్లలున్న ఇళ్లకు. ఈ బుట్టలోని రోకలి నా చిటికెన వేలి కన్నా సన్నం, మూతల్లో రెండు రూపాయి బిళ్ల కన్నా చిన్నవి. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో మూడేళ్లలోపు పిల్లలకు పనికిరాని చిన్న భాగాలను తేల్చడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు గొంతుకు అడ్డం పడగలదని లెక్క. ఆ లెక్కన మా బుట్టలో సగానికి సగం వస్తువులు బాబు చేతికి అందకూడనివే. రంగు సహజమైనదైనంత మాత్రాన వస్తువు పరిమాణం వల్ల వచ్చే ప్రమాదం తగ్గదు. బాబు పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి పిడతల ఆట మంచం మీదికి మారింది, రోకలీ చిన్న మూతలూ వేరే డబ్బాలోకి వెళ్లాయి. గిలక్కాయ మాత్రం పెద్దదిగా, బరువు తక్కువగా, పిడి బాబు గుప్పిటకు సరిపోయేలా ఉంది. వాడు ఎంత చప్పరించినా ఇంతవరకు రంగు వెలవలేదు, నునుపు తగ్గలేదు. లోపల గింజలుంటాయి కనుక ఎక్కడైనా పగులు వచ్చిందేమో వారానికోసారి గోటితో తడిమి చూస్తున్నాను.

కొండపల్లి బొమ్మలు కొనకూడదా అని స్నేహితులు అడుగుతున్నారు. అవి తేలికైన తెల్లపొణికి కర్రతో చేసి, పైన కుంచెతో రంగులు వేసినవి. బొమ్మల కొలువులో పెట్టి చూసుకోవడానికి వాటిని మించినవి లేవు కానీ, నేలకేసి కొట్టే వయసు పిల్లలకు నేను ఇవ్వను. కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మలు ఇదే జాతి కర్రతో, ఇదే లక్క పద్ధతిలో చేసేవి. బెంగళూరు వైపు ఉన్నవారికి అవి సులువుగా దొరుకుతాయి.

సంక్రాంతికి మళ్లీ తుని వెళుతూ, పెనం మీద పాడైన ఎర్ర చెంబును చిన్ని తన సంచిలో పెట్టుకుంది. ఏటికొప్పాకలో ఆగి చూపిస్తే ఆ కళాకారుడు చెంబును అటూ ఇటూ తిప్పి చూసి, మిషన్‌కు బిగించి పాత లక్కంతా గీకేశారు. “ఏ రంగు వెయ్యమంటావు తల్లీ?” అని అడిగారు. చిన్ని పసుపు కడ్డీ చూపించింది. అయిదు నిమిషాల్లో చెంబు పచ్చగా మెరుస్తూ చేతికి వచ్చింది. ఇరవై రూపాయలు తీసుకున్నారు. విరిగిన కవ్వానికి బదులు కాస్త లావుపాటిది అడిగితే, విడిగా ఒక్క వస్తువు అమ్మడం కుదరదని, పండగ వెళ్లాక ఫోన్ చేస్తే చేసి పెడతానని అన్నారు. గీకినందువల్ల చెంబు కొంచెం సన్నబడి, దాని మూత ఇప్పుడు వదులుగా తిరుగుతోంది. ఆ మూత సరిగా పట్టే గిన్నె మరేదైనా ఉందేమోనని చిన్ని ఇంటికి వచ్చిన రోజు నుంచి బుట్టంతా వెతుకుతోంది.