బీఎస్సీ తర్వాత ఒక ఏడాది: నాట్స్ అప్రెంటిస్‌షిప్ ఎంతవరకు పనికొస్తుంది?

బీఎస్సీ పట్టా పట్టుకుని చెన్నైలోనో బెంగళూరులోనో తిరిగే మన పిల్లల్ని ప్రతి ఇంటర్వ్యూలో అడిగేది ఒకటే: "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" ఆ లోటు తీర్చడానికి, ఏడాది పాటు సంస్థలో స్టైపెండ్ ఇస్తూ పని నేర్పేలా కేంద్రం నడిపే పథకం నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్). 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ వాళ్లలో మొదట ఇంజనీరింగ్ వాళ్లకే అవకాశం ఉండేది. 2014 సవరణతో బీఎస్సీ, బీకాం వాళ్లకూ చోటు దొరికింది. దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ కలిపి చెన్నై తరమణిలో ఈ పథకాన్ని చూసే బోట్ (బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్) ఆఫీసు ఉంది. కాబట్టి గుంటూరులో చదివి బెంగళూరులో చేరినా వ్యవహారం ఈ ఆఫీసు కిందికే వస్తుంది.

ముందు డబ్బు సంగతి. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీసం రూ. 9,000. అందులో రూ. 4,500 కేంద్రం వాటా, మిగతాది సంస్థ ఇవ్వాలి. 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది, అందుకని సంస్థ ఇచ్చే ఖాళీల ప్రకటనలో ఏ అంకె వేశారో చూసుకోండి. రూ. 9,000తో చెన్నైలో హాస్టల్ అద్దె, తిండి, బస్సు ఖర్చు వెళ్లదీయడం కష్టం. పేదింటి పిల్లలు వెనక్కి తగ్గేది ఇక్కడే, పథకంలో పెద్ద లోపం ఇదే. క్యాంటీన్, బస్సు ఇచ్చే సంస్థ దొరికితే దానికే మొగ్గండి.

నాట్స్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. కేంద్రానిదే మరో అప్రెంటిస్‌షిప్ పథకం, ఐటీఐ ట్రేడ్లు ఎక్కువగా ఉండే నాప్స్ పోర్టల్ వేరు, నాట్స్ వేరు. అక్కడ నమోదైతే ఇక్కడ చెల్లదు. తర్వాతి చిక్కు మన ఇంటిపేర్లతో. టెన్త్ మెమోలో 'కె. సాయికుమార్', ఆధార్‌లో 'కొత్తపల్లి వెంకట సాయికుమార్' అని ఉంటే ముందే ఆధార్ సరిచేయించుకోండి. ఎన్‌రోల్‌మెంట్ నంబరు వచ్చినంత మాత్రాన దరఖాస్తు చేసినట్టు కాదు. సంస్థల ఖాళీలకు విడిగా అప్లై చేయాలి.

కేంద్రం వాటా ఆధార్ ఆధారంగా ఖాతాలో పడుతుంది. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇచ్చాం కదా అనుకుంటే సరిపోదు, ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే ఎన్‌పీసీఐ (జాతీయ చెల్లింపుల సంస్థ) మ్యాపింగ్‌లో ఆ ఖాతా ఉండాలి. మైఆధార్ సైటులో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. ఒక ఆధార్‌కు ఒక బ్యాంకే మ్యాప్ అవుతుంది. చెన్నై వచ్చి కొత్త ఖాతా తెరిచి, దానికి ఆధార్ సీడింగ్‌కు (అనుసంధానానికి) సంతకం పెడితే డబ్బు అందులోకి మళ్లుతుంది. పాత పాస్‌బుక్ చూసుకుని స్టైపెండ్ రాలేదని కంగారుపడొద్దు.

ఇక అసలు విషయం, ఏ సీటు తీసుకోవాలి? ఒకసారి ఈ చట్టం కింద శిక్షణ తీసుకుంటే మళ్లీ ఇవ్వరు. అందుకే సంస్థ పేరు కన్నా ఏ బెంచీ దగ్గర కూర్చోబెడతారన్నది ముఖ్యం. చెన్నై దగ్గరి ఆలత్తూరు ఫార్మా ఎస్టేట్ లాంటి చోట కెమిస్ట్రీ వాళ్లను క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో వేస్తారా, స్టోర్స్‌లో లెక్కలు రాయిస్తారా అని చేరకముందే అడగండి. కాలేజీలో బ్యూరెట్‌తో టైట్రేషన్ చేసిన చేతికి ల్యాబ్‌లో కావాల్సింది హెచ్‌పీఎల్‌సీ, అంటే మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం. అందులో పారే ద్రావణాన్ని (మొబైల్ ఫేజ్) 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి గాలి తీసేయకపోతే పంపులో బుడగలు చేరి గ్రాఫ్‌లో బేస్‌లైన్ ఊగుతుంది. ఫాస్ఫేట్ బఫర్ నడిపాక నేరుగా అసిటోనైట్రైల్ పంపితే ఉప్పు పేరుకుని, పదార్థాలు వేరయ్యే గొట్టంలో (కాలమ్) ప్రెజర్ అమాంతం పెరుగుతుంది. ముందు నీళ్లు ఎక్కువగా ఉన్న మిశ్రమంతో కడగాలి. ఇలాంటివి చేతితో చేయనిస్తే ఆ ఏడాది బంగారం. సీనియర్ చేస్తుంటే పక్కన నిలబడి చూడటమే అయితే వృథా.

అప్రెంటిస్ రోజూ చేసిన పనిని ల్యాబ్ నోట్‌బుక్‌లో రాయాలని నిబంధనల్లోనే ఉంది. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తేదీ, శాంపిల్, వాడిన పరికరం, వచ్చిన విలువ రాయండి. తప్పు పడితే వైట్‌నర్ వద్దు, ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ వేయండి. ఫార్మా ఆడిట్లలో చూసేదీ ఇదే పద్ధతి.

ఏడాది చివర బోట్ ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. మధ్యలో మానేస్తే అది రాదు. ఆ సంస్థే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమమేమీ లేదు. అందుకే తొమ్మిదో నెల నుంచే బయట దరఖాస్తులు మొదలుపెట్టండి, ఇంటర్వ్యూకి సర్టిఫికెట్‌తో పాటు ఆ నోట్‌బుక్‌లో మీరు చేసిన పరీక్షల జాబితా పట్టుకెళ్లండి.