అక్వేరియం ఉప్పు: మందుగా సరే, అలవాటుగా వద్దు

మంచినీటి చేపలకు ఈ ఉప్పు నిత్యావసరమని పెట్టె మీద రాశారు. అక్కడే నాకు పేచీ. లోపల ఉన్నది సోడియం క్లోరైడ్, అంతే. పలుకులు పెద్దవిగా, పొడిగా ఉన్నాయి. నీళ్లలో కలిపితే అడుగున మడ్డి మిగలలేదు. సరుకుకు వంక పెట్టలేను.

పని చేస్తుందా అంటే, చేస్తుంది. గప్పీ చేపల రెక్కల మీద రవ్వ చల్లినట్టు తెల్ల మచ్చలు కనిపించగానే వాటిని వేరే తొట్టిలోకి మార్చి, లీటరుకు 2 గ్రాముల లెక్కన విడతలుగా ఉప్పు కలిపాను. మచ్చలు రాలిపోయాక కూడా కొన్నాళ్లు అలాగే ఉంచాను. ఆ మచ్చలకు కారణమైన పరాన్నజీవి చేప ఒంటి మీద ఉన్నంతసేపూ భద్రంగానే ఉంటుంది, నీళ్లలో ఈదే దశలోనే ఉప్పుకు చిక్కుతుంది. కొత్త తొట్టిలో చేపలకు విషమైన నైట్రైట్ పెరిగినప్పుడూ ఇది ఆదుకుంటుంది: క్లోరైడ్ ఉంటే మొప్పల గుండా నైట్రైట్ అంత తేలిగ్గా లోపలికి చొరబడలేదు.

నీళ్లు మార్చినప్పుడల్లా వేయమన్న సూచనను మాత్రం నేను పట్టించుకోను. నీరు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గిన మేరకు పోసే నీళ్లలోనూ ఉప్పు వేస్తూ పోతే గాఢత పెరుగుతూనే ఉంటుంది. మోలీ చేపలు తట్టుకుంటాయి, చాలా రకాల మొక్కలు, నత్తలు తట్టుకోవు. కోరిడోరస్ చేపలు ఉన్న తొట్టిలో నేనైతే వేయను. పైగా ఉప్పు వేస్తే నీటి కాఠిన్యం పెరుగుతుందని కొందరి నమ్మకం. పెరగదు, దానికి కాల్షియం, మెగ్నీషియం కావాలి.

కొనదలిస్తే చిన్న పెట్టె చాలు. ఇతర పదార్థాలేవీ కలపని మామూలు ఉప్పు ఇంట్లో ఉంటే అదీ అక్కర్లేదు.