మార్సెయ్ కూర్ జూలియాన్: తిరగడానికి సరే, దిగడానికి వద్దు

ఫ్రాన్స్ దేశపు మార్సెయ్ నగరంలోని కూర్ జూలియాన్ ప్రాంతానికి వెళ్ళదలచుకున్నవారికి నేను ముందుగా చెప్పేది ఒక్కటే. పగలంతా అక్కడే తిరగండి, భోజనం అక్కడే చేయండి, పడుకోవడానికి మాత్రం ఒక మెట్రో స్టేషన్ అవతలికి వెళ్ళండి. ఈ సంగతి తెలుసుకోవడానికి మాకు 194 యూరోలు ఖర్చయ్యాయి. మా అత్తగారి మోకాళ్ళ నొప్పి, మావారూ నేనూ ఒక పూటంతా మాట్లాడుకోకపోవడం ఆ లెక్కలో చేరలేదు.

2024లో టైమ్ అవుట్ పత్రిక ప్రపంచంలోని ఆకర్షణీయమైన పేటల జాబితాలో ఈ ప్రాంతాన్నే, నోత్ర్ దామ్ ద్యు మోన్ అన్న పేరుతో, మొదటి స్థానంలో నిలిపింది. అది చదివినప్పటి నుంచి మావారికి అక్కడ బస చేయాలన్న పట్టుదల కలిగింది. మేము ఉండేది లియోన్‌లో కనుక మార్సెయ్‌కి రైలులో రెండు గంటల లోపు ప్రయాణం. బొబ్బిలి నుంచి వచ్చిన అత్తగారికి మధ్యధరా సముద్రం చూపించినట్టూ ఉంటుందని బయలుదేరాము. ప్రయాణం గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. సెయింట్ చార్లెస్ స్టేషన్ నుంచి రెండో లైను మెట్రో ఎక్కితే రెండో స్టేషనే నోత్ర్ దామ్ ద్యు మోన్.

ఆన్‌లైన్‌లో కుదుర్చుకున్న ఆ ఇంటికి రాత్రికి 98 యూరోలు, శుభ్రం చేసినందుకు 65, బుకింగ్ రుసుము 31. యజమాని కనిపించడు; వీధి తలుపు పక్కన ఊచకు తగిలించిన చిన్న పెట్టెలో అంకెలు నొక్కితే తాళంచెవులు వస్తాయని సందేశం పంపాడు. మేము వెళ్ళేసరికి ఆ పెట్టె మీటల సందుల్లో ఎవరో జిగురు పోసి ఉంచారు, పైన పర్యాటక అద్దెలను తిడుతున్న కాగితం అంటించి ఉంది. ఫోన్ చేస్తే ఎత్తినవాడు యజమాని కాదు, ఇలాంటి ఇళ్ళు చూసిపెట్టే మనిషి. తాళాలవాడిని పిలిపించడానికి 140 యూరోలు అవుతుందని, పెట్టె పాడైనప్పుడు అక్కడ ఉన్నది మేమే కనుక అది మేమే ఇవ్వాలని అతను అన్నాడు. లోపల అడుగైనా పెట్టనివారి మీద ఇంటి మరమ్మతు ఖర్చు వేయడం నేను అంతకు ముందు ఎక్కడా వినలేదు. ఫ్రెంచిలో నాకు వచ్చిన గట్టి మాటలన్నీ ఆ ఫోన్‌లోనే ఖర్చయిపోయాయి.

తాళాలవాడు వచ్చేవరకు దాదాపు మూడు గంటలు మెట్ల దగ్గరే కూర్చున్నాము. కింది వాటాలో ఉండే ఒక పెద్దావిడ అత్తగారికి కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. ఆ భవనంలో సగం వాటాలు ఇప్పుడు పెట్టెలు మోసుకొచ్చే మాలాంటివారికే పోయాయని, తన పక్కింట్లో ఏళ్ళ తరబడి ఉన్న కుటుంబాన్ని ఖాళీ చేయించారని చెప్పింది. మమ్మల్ని నిందించినట్టు కాకుండా వర్షం గురించి చెప్పినంత మామూలుగా చెప్పడం వల్ల నాకు మరింత ఇబ్బందిగా అనిపించింది. నాలుగో అంతస్తు ఎక్కి లోపలికి వెళ్ళాక ఫోటోలో చూపించిన బాల్కనీ లేదు, లిఫ్టు లేదన్న సంగతి ప్రకటనలో ఎక్కడా రాయలేదు, పడకగది కిటికీ సరిగ్గా ఒక బార్ కుర్చీల మీదికి తెరుచుకుంటుంది. రాత్రి రెండు గంటల వరకు కింద పాటలు, ఆ తరువాత కుర్చీలు ఒకదానిపై ఒకటి పేర్చే చప్పుడు. అత్తగారు తెల్లవారాక ఒక్క మాటే అన్నారు: "జాతరకు వచ్చినట్టుంది, దేవుడే లేడు."

ఆ ఉదయమే ఖాళీ చేసి కాస్తెలాన్ దగ్గర లిఫ్టు ఉన్న ఒక చిన్న హోటల్‌కు మారాము. గదికి 88 యూరోలు, ఉదయం ఫలహారానికి మనిషికి 12. అక్కడి నుంచి కూర్ జూలియాన్ మెట్రోలో ఒక్క స్టేషనే. మిగిలిన రాత్రుల డబ్బు ఎన్నో సందేశాల తరువాత వెనక్కి వచ్చింది, ఆ 140 మేము చెల్లించలేదు. ఇంటి బస కావలసిందే అనుకునేవారు ప్రకటనలో 13 అక్షరాల నమోదు సంఖ్య ఉందో లేదో చూసుకోవాలి. మార్సెయ్‌లో పర్యాటకులకు అద్దెకిచ్చే ఇళ్ళకు అది తప్పనిసరి, మాకు దొరికిన ప్రకటనలో అది లేదు.

ఇంత కోపంతో కూడా ఆ పేటను నేను తప్పుపట్టలేకపోయాను. కూర్ జూలియాన్ ఒకప్పుడు నగరానికి పండ్లు, కూరగాయలు సరఫరా చేసిన టోకు బజారు. 1972లో ఆ బజారును ఊరి ఉత్తరాన ఉన్న ఆర్నవోకు తరలించాక ఖాళీ అయిన గిడ్డంగులలోకి చిత్రకారులు, సంగీతకారులు, నాటకాలవారు, పాత పుస్తకాలవారు వచ్చి చేరారు. ఇప్పుడు ఆ పొడవాటి మైదానంలో వాహనాలు ఉండవు, నీటి తొట్టెల చుట్టూ పిల్లలు ఆడుకుంటూ ఉంటారు, ఒక పక్క ఎస్పాస్ జూలియాన్ కచేరీ మందిరం ఉంటుంది. కూర్ ల్యూతో రోడ్డు నుంచి పైకి వచ్చే మెట్లు, పాస్తోరే వీధి, క్రుదేర్ వీధి, వాటిలోని దుకాణాల షట్టర్లు, ఎక్కడా ఒక జానెడు గోడ ఖాళీ లేదు. వీటిని చూపించడానికి గైడ్ ఒకరు మనిషికి 20 యూరోలు అడిగారు. అక్కరలేదు, ఒక గంట తల ఎత్తుకొని నడిస్తే చాలు. దుకాణాల షట్టర్లు దించి ఉన్న పొద్దున్నే వెళితే ఎక్కువ బొమ్మలు కనిపిస్తాయి.

అత్తగారికి ఈ బొమ్మలు పెద్దగా పట్టలేదు. ఒక వీధి మొగలో మాత్రం మావారు బోర్డు మీది "బుస్సీ లాండియాఁ" (ఇండియా బుస్సీ) అన్న పేరు చదివి వినిపించగానే ఆవిడ నిలబడిపోయారు. బొబ్బిలి ఆడపడుచుకు బుస్సీ అంటే ఒక్కడే, 1757లో విజయనగరం విజయరామరాజు పక్షాన ఫిరంగులు తెచ్చి బొబ్బిలి కోట మీద పడిన ఫ్రెంచి సేనాని. రంగారావు, తాండ్ర పాపారాయుడు, కోటలోని స్త్రీల మరణం, అన్నీ ఆ వీధిలో నిలబడే చెప్పారు. మావారు అక్కడ ఫోటో తీస్తానంటే ససేమిరా ఒప్పుకోలేదు.

ఆవిడ మనసు మారింది భోజనం దగ్గర. శాకాహారులకు మార్సెయ్‌లో చేపల పులుసు తప్ప ఏముంటుందని భయపడ్డాము కాని, కూర్ జూలియాన్‌లోని ఒక చిన్న హోటల్‌లో పానిస్ అన్నది తెప్పించాము. శనగపిండిని నీళ్ళలో ఉప్పు, కాస్త ఆలివ్ నూనె వేసి గట్టిపడే దాకా తిప్పుతూ ఉడికించి, చల్లార్చి, బిళ్ళలుగా కోసి నూనెలో వేయిస్తారు. పైన కరకర, లోపల వెన్నలా మెత్తన. పళ్ళెం 7 యూరోలు. అత్తగారు రెండో పళ్ళెం తానే చెప్పించుకొని, వేలెడు పచ్చిమిర్చి, చిటికెడు వాము పడితే ఇది మన బజ్జీల బండి మీదికే వచ్చేస్తుందని తీర్పు ఇచ్చారు. ఆ హోటల్‌వాళ్ళు అడగకుండానే కుళాయి నీళ్ళ జగ్గు తెచ్చిపెట్టారు. మైదానానికి అవతలి వైపు ఇంకొకరు మాత్రం 5.50 యూరోల సీసా తెచ్చి మూత తీయబోయారు. భోజనంతో పాటు తాగునీరు ఉచితంగా ఇవ్వాలని ఫ్రాన్స్‌లో చట్టమే ఉంది కనుక అడగడానికి మొహమాటపడకండి.

అక్కడి నుంచి కిందికి దిగితే నోవాయ్ బజారు. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చినవారి మసాలాలు, పుదీనా, ఆలివులు రోడ్డు మీదే గుట్టలుగా పోసి అమ్ముతారు, కొత్తిమీర కట్ట ఒక యూరో. కానీ ఆ దారిలోని ఓబాన్ వీధిలో అడుగు నెమ్మదిస్తుంది. 2018 నవంబర్ 5న అక్కడ పాడుబడిన భవనాలు కూలి 8 మంది చనిపోయారు. ఆ రోజులలోనే పైనున్న లా ప్లేన్ చౌకును ఆధునికీకరిస్తామని నగరపాలకులు, స్థానికులు అడ్డుపడకుండా 3,90,000 యూరోలతో దాని చుట్టూ రెండున్నర మీటర్ల ఎత్తు కాంక్రీటు గోడ కట్టారు. ఇళ్ళు కూలుతుంటే గోడలకు డబ్బు దొరికిందా అని ఇక్కడివారు ఇప్పటికీ అడుగుతారు. మా తాళంచెవుల పెట్టెలో జిగురు పోసినవారి కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వీధిలో నడిచాకే నాకు కొంత అర్థమైంది, పోసింది మేము దిగే రోజునే కావడం మాత్రం ఇప్పటికీ నచ్చలేదు.

లా ప్లేన్‌లో మంగళ, గురు, శనివారాల ఉదయం సంత ఉంటుంది, బట్టలు చవక. కూర్ జూలియాన్‌లో రైతులు తమ పంట తెచ్చి అమ్మేది బుధవారం ఉదయం. నా మాటకైతే మంగళవారం మధ్యాహ్నం చేరి బుధవారం సంత చూసుకొని వెళ్ళడం మంచిది. చిన్న దుకాణాలు చాలావరకు సోమవారం మూసి ఉంటాయి. రాత్రి తొమ్మిది దాటాక నోవాయ్ మెట్రో దగ్గర ఫోన్ చేతిలో పట్టుకొని దారి వెతుక్కోకండి, నోత్ర్ దామ్ ద్యు మోన్ స్టేషన్‌లోనే రైలెక్కండి.