సలోనా, సొంత ప్రదర్శనా? 1874 నాటి పారిస్ చిత్రకారుడికి ఏది మేలు?

ఆ రోజుల్లో పారిస్‌లో బొమ్మలేసి బతకాలంటే రాజమార్గం సలోన్. ప్రభుత్వ అండతో జరిగే ఆ ప్రదర్శనలో జ్యూరీ చోటిస్తే కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. 1863లో కబనెల్ వేసిన 'వీనస్ జననం'ను సాక్షాత్తూ మూడో నెపోలియన్ చక్రవర్తే కొన్నాడు. జ్యూరీ కాదంటే మాత్రం బేరాలు కష్టమే.

ఈ బాధ పడలేకే మోనే, రెన్వార్, పిస్సారో, దెగా వగైరాలు 1874 ఏప్రిల్ 15న, ఫొటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో, ఒక సంఘంగా ఏర్పడి సొంత ప్రదర్శన పెట్టారు. టికెట్టు ఒక ఫ్రాంకు. నెల రోజుల్లో వచ్చింది సుమారు 3,500 మంది. ఏడాది చివర లెక్కలు చూస్తే సభ్యుల నెత్తిన తలా 184 ఫ్రాంకుల పైచిలుకు బాకీ తేలింది. సంఘాన్ని మూసేశారు. డబ్బు సంగతే అయితే ఇక వాదన అక్కర్లేదు, సలోనే మేలు.

కానీ గోడల సంగతి చూడాలి. సలోన్‌లో ఫ్రేముకు ఫ్రేము ఆనించి పైకప్పు దాకా తగిలించేవారు. అంతెత్తున కంటికి ఆనాలంటే బొమ్మ పెద్దదై ఉండాలి, అందులో పురాణమో చరిత్రో ఉండాలి, కుంచె జాడ తెలియకుండా నునుపు తేలాలి. మోనే అక్కడ పెట్టిన 'ఇంప్రెషన్, సూర్యోదయం' చూడండి: 63 సెంటీమీటర్ల వెడల్పు, 48 ఎత్తు. ల హావ్ర్ రేవులో నీలిబూడిద రంగు మంచు, చిన్న నారింజ బిళ్లలా సూర్యుడు, నీళ్ల మీద విడివిడిగా కుంచె దెబ్బలు, అంతే. జ్యూరీ దయతలచి పైవరుసలో పెట్టినా అది లేనట్టే లెక్క. నాదార్ స్టూడియోలో రెండు వరుసలు దాటనివ్వలేదు. వెక్కిరించడానికైనా జనం దగ్గరికొచ్చి చూశారు! వీళ్లకు 'ఇంప్రెషనిస్టులు' అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది, ఆ బొమ్మ పేరు పట్టుకుని లెరువా అనే విమర్శకుడు చేసిన వెటకారమే.

అందుకే నా లెక్క మనిషిని బట్టి మారుతుంది. నిలువెత్తు మనుషుల్ని వేసే ఎదువార్ మనే (మోనే కాదు, వేరే చిత్రకారుడు) వీళ్ల ప్రదర్శనల్లో ఎన్నడూ పాల్గొనలేదు, సలోన్‌నే పట్టుకుని ఉన్నాడు. అతనికి అదే సబబు. రెన్వార్‌కూ అంతే. 1879 సలోన్‌లో శ్రీమతి షార్పాంతియే, ఆమె పిల్లల చిత్రంతో అతని దశ తిరిగింది. ఆరుబయట, వెలుగు మారేలోపు చిన్న కాన్వాసు ముగించే మోనే లాంటివాడికి సొంత గోడే మేలు. అతనూ ఒకసారి మెత్తబడ్డాడు లెండి: 1880లో సలోన్‌కు రెండు చిత్రాలు పంపితే, ఒద్దికగా, పెద్దదిగా వేసిన సీన్ నది దృశ్యం ఒక్కటే తీసుకున్నారు. ఆ తర్వాత మళ్లీ పంపలేదు.