జోగులాంబ అమ్మవారిని చూసి వెంటనే వెనక్కి రాకండి

జోగులాంబ గుడి ఉన్న అలంపురం ఇప్పుడు తెలంగాణలో ఉన్నా, మా కర్నూలు వాళ్లకు పక్క ఊరే. తుంగభద్ర దాటి, చౌరస్తా దగ్గర హైవే దిగి లోపలికి వెళ్లాలి. మంగళ, శుక్రవారాల్లో రద్దీ ఎక్కువని అత్తమ్మను బుధవారం తీసుకెళ్లాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, నిలబడలేదేమోనని నాకు టెన్షన్. దర్శనం మాత్రం తొందరగానే అయింది. కుంకుమార్చన కూడా చేయించుకున్నాం.

గర్భగుడి చుట్టూ నీళ్లుంటాయి. అమ్మది ఉగ్రరూపం కదా, చల్లబరచడానికట. శవం మీద కూర్చుని, పైకి లేచిన జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, కపాలంతో ఉంటుంది. ఇంట్లో జీవకళ తగ్గేకొద్దీ ఇవి ఒక్కొక్కటే చేరతాయని, ఆ కీడు తీసేసే తల్లి కాబట్టే గృహచండి అంటారని పూజారి చెప్పారు. అత్తమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. మామూలు రోజుల్లో చీర, అలంకారం మధ్య ముఖమే కనిపిస్తుంది. నిజరూపం చూడాలంటే వసంత పంచమికి రావాలి.

చాలామంది ఇక్కడి నుంచే కారెక్కేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. పాత గుడి 14వ శతాబ్దంలో ధ్వంసమయ్యాక, 2005లో ఈ కొత్త గుడి కట్టేదాకా అమ్మవారు పక్కనే బాలబ్రహ్మేశ్వరుడి గుడిలోనే ఉంది. వందల ఏళ్లు ఆమెకు నీడ ఇచ్చిన గుడి అది! బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాల్లో, అంటే తొమ్మిది శివాలయాల్లో ఒకటి. వాటిలోనే ఇంకొకటైన స్వర్గబ్రహ్మ గుడి గోడల మీది శిల్పాల దగ్గరే నాకు అరగంట పట్టింది. ఎండెక్కితే బండలు కాలతాయి, తొమ్మిదింటికల్లా చేరుకోండి.

బయట ఒక దుకాణంలో, చెప్పులు పెట్టాలంటే కొబ్బరికాయ కొనాల్సిందే అన్నారు. పెద్దావిడతో అలా మాట్లాడటం నాకు బాధనిపించింది. చెప్పులు కారులోనే వదిలేయడం మేలు.

కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తమ్మ అమ్మవారిని చూసింది బాలబ్రహ్మేశ్వరుడి గుడిలోనే. "అప్పుడు ఈడనే ఉండె, సిన్న గదిలో. దీపం ఎలుగులో కండ్లు మాత్రం కనిపిస్తుండె" అంది. 2009 అక్టోబరు వరదల్లో మా కర్నూలుతో పాటు ఈ ఊరూ మునిగింది. ఆ మాట తలుచుకుని అత్తమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది. నేను తొందరపెట్టలేదు. మోకాళ్ల సంగతి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు.